ఎవరూ అడగని వన్స్ మోర్

"తమరేం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్ళు మండేది. ఒక్కటైతే చెప్పొచ్చు. పగలు నాటకాల తెరల మీద రంగులేసేవాణ్ణి, ఆట మొదలైతే హార్మోనియం వాయించేవాణ్ణి, నా వంతు రాగానే ఆ పెట్టె పక్కవాడికి అప్పజెప్పి కిరీటం పెట్టుకుని రాజునైపోయేవాణ్ణి. మూడు పనులకీ మనిషిని ఒక్కణ్ణే, భోజనం కూడా ఒక్కటే. ఇప్పుడు మూడింట్లో రెండే మిగిలేయి. నోట మాట లేదు కనక కాగితం మీద వాగుతున్నాను. చదివేవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

రాజుగారి కోట గీస్తే వెనకాల కొబ్బరిచెట్లు వచ్చేసేవి. కొత్తపేటలో పుట్టి పెరిగినవాడికి ఆకాశం కింద ఇంకేం కనపడుతుంది? "కోటలో కొబ్బరికాయలేంటండీ మేష్టారూ" అని ఆలమూరులో ఎవరో ఆటపట్టించేరు. "మా రాజు కోనసీమ రాజేనండీ, కొబ్బరి దింపు డబ్బులమీదే రాజ్యం నడుస్తోంది" అన్నాను. రంగులూ ఇష్టమే, హార్మోనియమూ ఇష్టమే. ప్రాణం మటుకు పద్యం మీదుండేది.

మా గోదావరి వాళ్ళకి పద్యం నచ్చితే చప్పట్లు చాలవు. "వన్స్ మోర్" అని కేకేస్తారు. కేకేసేక మళ్ళీ పాడాల్సిందే, కథ ఎక్కడున్నా సరే. మలికిపురం దగ్గర ఓసారి బాణం దెబ్బ తిని, పద్యం పాడి, చచ్చిపోయేను. వన్స్ మోరన్నారు. లేచేను, పంచె దులుపుకుని పాడేను, మళ్ళీ చచ్చేను. ఇంకోసారన్నారు. మీద పడి ఏడుస్తున్న రాణిగారు "తొందరగా పోదురూ, మొదటి బస్సు వెళ్ళిపోతుంది" అని చెవిలో గొణిగింది. నవ్వకుండా చావడం ఎంత కష్టమో ఆవేళ తెలిసింది.

తొంభైల చివర్లో గొంతు బొంగురుపోవడం మొదలైంది. మిరియాల పాలు తాగేను, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాను, శృతి కొంచెం దించుకుందామన్న హార్మోనిస్టుని నానా తిట్లూ తిట్టేను. ఏం లాభం! అమలాపురం డాక్టరుగారు గొంతులోకి లైటేసి చూసి మొహం అదోలా పెట్టేరు. "కాకినాడ వెళ్ళి చూపించుకోండి. ఈలోగా గొంతుకి విశ్రాంతి ఇవ్వండి" అన్నారు. విశ్రాంతి అన్న ముక్కని మా ఆవిడ గట్టిగా పట్టుకుంది. అదిస్తే నయమైపోతుందని దాని నమ్మకం.

నాకు మటుకు లోపల్లోపల తెలిసిపోయింది. కాకినాడ వెళ్తే ఈ గొంతుతో తిరిగిరాను. అప్పటికే అంతర్వేది దగ్గర పడవల వాళ్ళ ఊళ్ళో ఒక ఆటకి మాటిచ్చేను. మిగతా రంగాలు వేరే వాళ్ళు వేసేటట్టు, ఆఖరి రంగంలో ఒక్క పద్యం నేను పాడేటట్టు ఇంట్లో ఒప్పందమైంది. ఎన్నడూ నా నాటకానికి రాని మా ఆవిడ ఆవేళ నాకంటే ముందు బస్సెక్కి కూచుంది. నాకు కావల్సింది ఒక్కటే. ఆఖరుసారిగా ఒక్క వన్స్ మోర్. అది చెవిన పడితే చాలు, తరవాత ఎవరేం కోసుకున్నా కోసుకోనీ అనుకున్నాను.

ఏ దేవుడు కరుణించేడో గానీ ఆవేళ గొంతు తేనెలా పలికింది. ఇన్నేళ్ళలో అలా పాడి ఎరగను. పై షడ్జం మీద నిలబడి రాగం తీస్తుంటే ముందు వరసలో ఆడవాళ్ళు కొంగులు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పద్యం ముగించి, చెయ్యి అలాగే ఎత్తి ఉంచి నిలబడ్డాను.

ఎవరూ అడగలేదు.

చప్పట్లు కొట్టేరు, బాగా కొట్టేరు, ఆగిపోయేరు. ఊరు ఊరంతా తలలు వంచుకుని కూచుంది. నేను ఇంకాస్సేపు చూసేను. సిగ్గు విడిచి, కిరీటంతోనే అడిగేసేను: "అడగరేమండీ? బాగోలేదా?"

ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి దణ్ణం పెట్టేడు. "బాగోకపోవడమేంటండీ మేష్టారూ! అమ్మగారు పొద్దున్న ఇంటింటికీ వచ్చి బతిమాలేరండి, రెండోసారి పాడిస్తే గొంతు పోతుందని. మీ గొంతు మాకు కావాలండి. పైఏడు అడుగుతామండి."

"ఆయ్, పైఏడండి" అన్నారు అందరూ.

ఎవరూ అడక్కుండా నేనే పాడుకోవచ్చు. అది వన్స్ మోరు కాదు. కోపం రాలేదంటే అబద్ధమాడినట్టే. వాళ్ళ మర్యాద తగలెయ్య! తెర వెనక్కి వెళ్ళి, నేను గీసిన కోటగోడకి నుదురానించి చిన్నపిల్లాడిలా ఏడ్చేను. మా ఆవిడ వచ్చి వేడినీళ్ళ గ్లాసు చేతికిచ్చింది. గండం గడిచిందన్న సంతోషం దాని మొహంలో. ఆ నీళ్ళన్నీ తాగేసేను.

కాకినాడలో పరీక్షలన్నీ అయ్యేక, స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు అక్కడి డాక్టరుగారు. మా ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది. "ఆ వేళ పాడబట్టా డాక్టరుగారూ? ఒక్కసారే పాడేరండి. రెండోసారి నేనే ఆపించేను" అంది.

"లేదమ్మా. ఇది ఎప్పుడో ముదిరిపోయింది. ఒకసారి పాడినా పదిసార్లు పాడినా ఇదే ఆపరేషను. పాడుకోనివ్వాల్సింది" అన్నారాయన. మంచి మనిషే. ఆ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో ఆయనకేం తెలుసు?

ఆవిడ వరండాలో నేల మీద కూలబడిపోయింది. అన్నం ముట్టలేదు, నా మొహం చూడలేదు. "ఊరందరి నోళ్ళూ నేనే మూయించేను" అని ఒక్కటే గొణుగుడు. ఏం చెప్పినా వినే స్థితిలో లేదు.

ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఇది రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఇప్పుడు లేదు కనక రాస్తున్నాను. ఆ తెల్లారి నన్ను ఆపరేషనుకి తీసుకెళ్ళడానికి స్ట్రెచరు వచ్చింది. నేను మా ఆవిడ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగేను.

"పిచ్చిదానా, వాళ్ళడిగినా నేను పాడేవాణ్ణి కాదే. ఆ పద్యంతోనే గొంతు అయిపోయింది. అడిగుంటే అంతమందిలో పరువు పోయేది. నువ్వే కాపాడేవు."

"నిజంగానాండీ?"

"నీమీదొట్టు."

ఆ ఆట రాత్రి నా గొంతులో ఇంకో మూడుసార్లకి సరిపడా పద్యం ఉంది. నాకు తెలుసు. ఎన్నో వేషాలు వేసేను గానీ గొంతు వణక్కుండా చెప్పడానికి అంత కష్టపడ్డ మాట ఇంకోటి లేదు. నా నోటినుంచి వచ్చిన ఆఖరి మాట కూడా అదే.

ఆవిడ నమ్మింది. కళ్ళు తుడుచుకుని, స్ట్రెచరు తోసే అబ్బాయితో "కాస్త మెల్లిగా తీసుకెళ్ళు నాయనా, మా ఆయన పద్యాలు పాడతారు" అంది.