తల్లి వచ్చేదాకా

మా పిన్నికి ఊరికే కూర్చోవడం చేతకాదు. రోజంతా తన దుకాణంలో కోట్లకు జిప్పులు మారుస్తుంది, ప్యాంట్లు పొట్టి చేస్తుంది. ఆకాశం నల్లబడిందంటే చాలు, మిషను మీద గుడ్డ కప్పేసి, బైనాక్యులర్స్ మెడలో వేసుకుని సముద్రం ఒడ్డుకు బయల్దేరుతుంది. తుఫానుకు అందరూ ఇళ్ళలోకి పరిగెడితే ఈవిడ బయటికి! ఈ చలి సముద్రంలో బతికే సీల్ అనే జంతువుల పిల్లలు గాలివానకు ఒడ్డుకు కొట్టుకొస్తే, వాటికి కాపలా కాసే దళంలో పిన్ని ఉంది. జీతం లేదు, జలుబు మాత్రం గ్యారంటీ.

దళానికి ఒకటే నియమం. కుక్కల్నీ మనుషుల్నీ పిల్లకు దూరంగా ఉంచాలి, మనమూ దూరంగా ఉండాలి. మనిషి దగ్గరుంటే తల్లి ఒడ్డెక్కదు. ఈ సంగతి పిన్ని మా అందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరింది.

మొన్నటి తుఫానులో నేనూ వెంట వెళ్ళాను. రోడ్డు గోడ కింద ఇసుకలో ఒక పిల్ల పడి ఉంది. తెల్లటి బొచ్చు తడిసి ఒంటికి అంటుకుపోయింది. పాల కోసం ఏడుస్తోంది, అచ్చం మన పిల్లల్లాగే. అప్పటికే రెండు ఊరకుక్కలు వాసన పట్టాయి. పిన్ని కర్ర పుచ్చుకుని దిగి, పిల్లకు బారెడు దూరంలో నిలబడిపోయింది.

దళానికి పెద్ద ఒక రిటైరైన పోస్ట్‌మ్యాన్. ఆయన గోడ మీంచి అరిచాడు. "చెల్లెమ్మా, ఇవతలికి రా! అదిగో తల్లి, అలల్లోంచి చూస్తోంది. నువ్వుంటే రాదు."

"నేను కదిలితే కుక్కలు పీక్కుతింటాయి అన్నయ్యా!"

"కుక్కల్ని నేను చూసుకుంటాగా!"

పిన్ని వినలేదు. ఊరందరికీ చెప్పిన నియమం తన దాకా వచ్చేసరికి గాలికి కొట్టుకుపోయింది. తల్లి తల ఎత్తేది, పిన్నిని చూసేది, మునిగిపోయేది. పిల్ల ఏడుపు సన్నగిల్లాక నేనే వెళ్ళి పిన్నిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. కుక్కల్ని పోస్ట్‌మ్యాన్ తరిమేశాడు, మేమిద్దరం పడవల షెడ్డు వెనక కూర్చున్నాం. కాసేపటికే తల్లి బరువైన ఒళ్ళు ఈడ్చుకుంటూ వచ్చింది. పిల్లను మూతితో కదిపింది. మళ్ళీ కదిపింది. పిల్ల కదల్లేదు.

తల్లి ముందే వచ్చినా పిల్ల దక్కేది కాదేమోనని పోస్ట్‌మ్యాన్ అన్నాడు. మంచి మనిషి. పిన్ని మాత్రం ఆ మాట చెవిన పెట్టలేదు.

"అన్నీ తెలిసే నిలబడ్డానే" అంది నాతో.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నా రెండో ఏట అమ్మ జబ్బుతో ఆస్పత్రి పాలైతే నన్ను పిన్నే పెంచింది. ఆరో ఏట అమ్మ కోలుకుని ఇంటికొచ్చింది. నేను అమ్మ దగ్గరకు పోకుండా పిన్ని కాళ్ళ వెనక దాక్కున్నాను. వారం తిరక్కుండానే పిన్ని పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఏడాది దాకా మా గుమ్మం తొక్కలేదు. నేనంటే విసుగొచ్చి వదిలించుకుందని చాలా ఏళ్ళు కోపంగా ఉండేది నాకు.

"నీ దగ్గర మాత్రం వేళకే తప్పుకున్నాను కదే?" పిన్ని ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

అవుననేస్తే పోయేది. కానీ నా నోరు ఊరుకోదు, అదీ ఆవిడ పెంపకమే.

"లేదు పిన్నీ, తొందరపడ్డావు. నెలల తరబడి ఏడ్చాను."

"వినపడేది" అంది పిన్ని. "వెనక వీధిలోనే గది తీసుకున్నాను. నువ్వు ఏడ్చినప్పుడల్లా చెవులు మూసుకుని కూర్చునేదాన్ని. ఈసారి మూసుకోలేకపోయానే."