అత్తమ్మను నేను అడగని పేరు

2004 ఆగస్టు 12, హోసూరు.

మా వారి మేనత్త, నేనూ అత్తమ్మా అనే పిలిచే మనిషి, కృష్ణగిరిలో పోయి నేటికి తొమ్మిది రోజులు. ఎనభై దాటిన మనిషి. పొద్దున కాఫీ తాగి, గోడకు ఆనుకుని కూర్చుని అలాగే పోయిందని ఫోను వచ్చింది. మా వారి ముత్తాత ఐర్లాండు నుంచి ఈ హోసూరు పక్కనున్న మత్తిగిరికి గుర్రాలు పెంచే పనికి వచ్చినవాడు. ఆయన జాడను మేము ఎలా పట్టుకున్నామో పోయిన ఏడాది ఈ పత్రికలోనే రాశాను. మెచ్చుకుంటూ కొందరు ఉత్తరాలు కూడా పంపారు. ఆ వ్యాసంలో ఒక లోపం ఉంది. దాన్ని పూరించగలిగిన ఒకే ఒక్క మనిషి ఇప్పుడు లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

1994లో మా వారు రిటైరయ్యాక వెదకడం మొదలుపెట్టాం. చర్చి రిజిస్టర్లు, పాత సమాధుల తోటలు తిరిగాం. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినదాన్ని గనుక నేనొక నియమం పెట్టాను: కాగితం మీదో రాతి మీదో లేనిది మనం రాయబోయే వంశ పుస్తకంలోకి రాకూడదు.

సమాధుల తోటకు వెళ్లిన ప్రతిసారీ అత్తమ్మ మా వెంట వచ్చేది. లోపలికి మాత్రం రాదు. కొంగున కట్టుకొచ్చిన బొరుగులు తింటూ, అటుగా వచ్చిన మేకలను అదిలిస్తూ, గేటు పక్కన గోడ నీడలో కూర్చునేది. బస్సు ప్రయాణమంటే సరదా కాబోలు అనుకున్నాను. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఊరికే ఎందుకు వస్తుందని నాకు తోచలేదు.

1998లో కృష్ణగిరిలో, తుమ్మకంప కింద ఆ ముత్తాత సమాధి రాయి దొరికింది. మా వారు అక్షరాల్లోని మట్టిని పుల్లతో తీస్తూ ఏడ్చారు. బయటికి వచ్చి అత్తమ్మకు చెప్పారు.

"దొర దొరికినాడా? మంచిదప్పా. ఇంగ మా అవ్వను ఎప్పుడు ఎదుకుతారు?"

అవ్వ అంటే ఆ దొరతో కాపురం చేసిన ఆమె. అంచెట్టి వైపు పశువులు కాచుకునే ఇంటి పిల్ల. దొర పోయాక కొడుకును ఒక్కతే పెంచింది. ఆ కొడుకు కూతురే అత్తమ్మ. చిన్నప్పుడే తల్లి పోతే, ఆ అవ్వ పక్కలోనే పడుకుని పెరిగింది.

"ఆమె గురించి కాగితం ఏదైనా ఉందా అత్తమ్మా?" అన్నాను.

"ఆమె యాడా ఏలిముద్ర ఎయ్యలేదమ్మా టీచరమ్మా. బిడ్డను కనింది, అంతే. నేనుండాను గదా కాగితం! నన్ను సదువుకో."

మా వారు నవ్వారు. నేను నవ్వలేదు. విన్న మాటలన్నీ రాయడం మొదలుపెడితే అంతు ఉండదన్నాను. ఆమె కొంగులో మిగిలిన బొరుగులు మా ఇద్దరి చేతుల్లో పోసింది. ఆ రోజు పేరు చెప్పడానికి ఆమె సిద్ధంగానే ఉంది. పెన్ను నా దగ్గరే ఉంది.

నా మొదటి కాన్పు నాటికి మా అమ్మ లేదు. నలభై రోజులు నాకు నీళ్లు పోసింది అత్తమ్మే. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, "కంట్లో పడకుండా మా అవ్వ ఇట్లే పోసేదమ్మా" అనేది. అప్పుడూ ఏ అవ్వ అని నేను అడగలేదు.

2001లో ఐర్లాండు నుంచి బాప్తిస్మ రిజిస్టరు నకళ్లు వచ్చాయి. దొర తల్లిదండ్రులు, ఆరుగురు తోబుట్టువులు, చంటితనంలోనే పోయిన ఒక ఆడపిల్ల, అందరి పేర్లూ ఉన్నాయి. వంశవృక్షం గీసి, అత్తమ్మకు చదివి వినిపించాను. దొర పక్కన గడిలో 'స్థానిక స్త్రీ' అని రాశాను.

"స్థానిక స్త్రీ అంటే ఎవరమ్మా?"

"మీ అవ్వ, అత్తమ్మా."

"యాడనో పాలు తాగతా సచ్చిన బిడ్డకు పేరుండాది. నన్ను సాకిన మా అవ్వకు లేదా? సరే. ఇంగ నేను చెప్పను పో."

మా వారు మూడుసార్లు వెళ్లి బతిమాలారు. ప్రతిసారీ సంగటి పెట్టి, "రాసినామెను వచ్చి అడగమనప్పా" అని పంపేసింది.

నేను ఒక్కసారి వెళ్లాను, ఈ మార్చిలో. రెండు గంటలు మామిడి పూత గురించి, ఆమె మోకాళ్ల గురించి మాట్లాడుకున్నాం. నేను లేస్తుంటే గడప దాకా వచ్చింది.

"ఇంగేమన్నా అడగాల్నా టీచరమ్మా?"

"లేదత్తమ్మా, బస్సుకు టైమయింది."

బస్సుకు ఇంకా నలభై నిమిషాలు ఉంది. స్టాండులో ఒంటరిగా కూర్చున్నాను.

ఆమెను మట్టిలో పెట్టి వస్తుంటే మా వారు "ఇప్పుడు రాసుకో" అన్నారు. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు.

ఇక జరగవలసినవి:

1. అచ్చుకు ఇచ్చిన మా వంశ పుస్తకాన్ని ఆపించాలి. 'స్థానిక స్త్రీ' కొట్టేసి, 'ఈమె పేరు తెలిసిన మనిషి మా కుటుంబంలోనే ఉండేది, మేము అడగలేదు' అని వేయించాలి.

2. అంచెట్టి వైపు పశువులు కాచే ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లను కలవాలి. ఎవరినీ కాగితం అడగకూడదు. మా వారు రానంటే నేను ఒక్కదాన్నే పోవాలి.

3. అత్తమ్మకు రాయి వేయించాలి. ఆమె పేరు కింద 'ఈమెను సాకినది ఈమె అవ్వ' అని చెక్కించాలి. ఆ మాట తర్వాత ఒక పేరు పట్టేంత చోటు నున్నగా వదిలేయమని రాతిపనివాడికి చెప్పాలి. చోటు వృథా అని అతనంటాడు. అయినా వదలమనే చెప్పాలి.