ఎవరూ అడగని గది

కృపారాణి తండ్రి బేతంచెర్లలో బండల పాలిష్ పని చేసేవాడు. ఆమె డిప్లొమా చదివి డోన్‌లో ఇళ్లు కట్టే కాంట్రాక్టరు దగ్గర చేరింది. అక్కడ గోడ బీటలు వారితే ఇంటాయన మేస్త్రీని తిట్టేవాడు, మేస్త్రీ ప్లాను గీసినవాళ్లను తిట్టేవాడు. విసుగొచ్చి సొంతంగా పని మొదలుపెట్టింది. ప్లాను గీయకముందే ఇంటివాళ్లనూ, బేల్దారి మేస్త్రీనీ, కరెంటు పనివాణ్ణీ స్థలంలోనే కూర్చోబెట్టేది. అందరూ సరే అన్నదే కట్టాలి. తప్పు జరిగితే అందరూ మోయాలి. అది ఆమె పెట్టిన షరతు.

పుల్లయ్య, గురమ్మ దంపతుల ఇంటికీ అలాగే కూర్చున్నారు. ఊరి బయట ఎర్రమట్టి స్థలం, పట్టపగలు, పైన గుడ్డ పందిరి. వంటిల్లు ఎటు, మెట్లు ఎటు అని మాటలు సాగుతుండగా, "తూర్పు మూల నాకొక చిన్న గది. కిటికీ వద్దు" అంది ఒక గొంతు. అందరూ సరే అన్నారు. కృపారాణి తలెత్తకుండానే గీసేసింది.

గోడలు లేచాక పుల్లయ్య వచ్చి ఆ గది ముందు నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇది ఎవరికి?"

"మీరే కదన్నా అడిగింది?"

"నేనడగల్యా. ఎవరో అడిగిరి, నువ్వు గీస్తివి, నీ లెక్క నీకుంటాదిలే అనుకుంటి."

కృపారాణి అందర్నీ మళ్లీ పిలిపించింది.

"పంచె కట్టుకున్న పెద్దాయన అడిగె గదమ్మా," అన్నాడు దాసన్న మేస్త్రీ. "నీతో వచ్చినాడనుకుంటి."

"నేను పుల్లయ్యన్న తరపు మనిషనుకుంటి," అన్నాడు కరెంటు పని చేసే చంద్ర.

పుల్లయ్య గురమ్మ వైపు తిరిగాడు. "మా తరపున మేమిద్దరమే వచ్చినాము."

ఆ మనిషి మొహం ఎంత తలచుకున్నా ఎవరికీ గుర్తు రాలేదు. గొంతు మాత్రం అందరి చెవుల్లోనూ ఉంది.

దాసన్న గడ్డపార అందుకున్నాడు. గురమ్మ అడ్డం వచ్చింది. "వద్దప్పా. ఆయన అడిగినాడు, మనమందరమూ సరే అంటిమి. ఇప్పుడు కాదంటే ఎట్ల?"

ఒక్కొక్కరే తల ఊపారు. కృపారాణికి ఇష్టం లేదు. కానీ షరతు తనదే.

మరుసటి ఎండాకాలం ఆ ఇల్లు చూడటానికి వెళ్లింది. గురమ్మ కులాసాగానే ఉంది. మజ్జిగ ఇచ్చి, తూర్పు గదికి తీసుకుపోయింది. ఊడ్చి శుభ్రంగా ఉంది, సామాను ఏమీ లేదు. బయట నిప్పులు చెరుగుతున్న ఎండ. లోపల అడుగు పెడితే బండలు బావినీళ్లలా చల్లగా ఉన్నాయి.

"భయం లేదా అక్కా?"

"మొదట్లో శానా ఉండె. ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలన్నా ఈడికొచ్చి చెప్తాండాం. సరే అంటాడు."

"అన్నట్టు ఎట్ల తెలుస్తాది?"

గురమ్మ ఆమె వైపు వింతగా చూసింది. "నువ్వూ ఆ గొంతు విన్నావు గదమ్మా."

కృపారాణి మజ్జిగ సగంలోనే దించేసి బయటికి వచ్చేసింది.

ఇప్పటికీ ఆమె అందర్నీ కూర్చోబెట్టాకే ఇళ్లు కడుతోంది. మాటలు మొదలయ్యే ముందు ఎవరు ఎవరి తరపో పేరుపేరునా చెప్పించుకుంటుంది. ఇంకెవరైనా ఉన్నారా అని మాత్రం అడగదు.