ఎవరూ వాటా అడగని ఇల్లు

ఆ పని నాకు 1974 మార్చిలో వచ్చింది. అప్పటికి విజయవాడ గవర్నర్‌పేటలో ఇళ్ళ బ్రోకరుగా నాకు పదకొండేళ్ళ అనుభవం. ఆఫీసంటూ ఏమీ లేదు. ఒక లాడ్జి వసారాలో బెంచీ, ఆ బెంచీకి ఎడమ చివర నా చోటు. చదువు కూడా లేదు. మాది పెడన, మగ్గాల ఇల్లు. మగ్గం కూడు పెట్టక ఈ ఊరొచ్చాను. అక్షరాలు యాభయ్యో ఏట నేర్చుకున్నవి. ఇప్పుడు రాస్తున్నది వాటితోనే.

చదువురానివాడు బేరాలు ఎలా గుర్తుపెట్టుకుంటాడని అడుగుతారు. నేను నూలుతో గుర్తుపెట్టుకునేవాణ్ణి. ఒక్కో బేరానికి ఒక్కో దారం. బేరంలో వాటా అడిగిన ఒక్కో మనిషికి ఒక్కో ముడి. అప్పట్లో ఇల్లు కొన్నవాడు నూటికి రెండు, అమ్మినవాడు నూటికి రెండు బ్రోకరుకి ఇచ్చేవాళ్ళు. అది పైకి కనపడే కమీషను. కనపడనిది వేరే ఉంటుంది. ఇల్లు ఖాళీగా ఉందని కబురు చెప్పిన టీ బడ్డీవాడు, తాళంచెవి దాచిన పక్కింటివాళ్ళు, దస్తావేజు రాసేవాడు, వాడి గుమాస్తా, అందరికీ ఎంతో కొంత ముట్టాలి. ముట్టకపోతే రిజిస్ట్రేషను రోజుకి ఆ ఇంటి మీద ఏదో ఒక పుకారు పుడుతుంది. మామూలు ఇంటికి నా దారం మీద ఏడెనిమిది ముళ్ళు పడేవి.

వచ్చినావిడ పేరు సువార్తమ్మ. తాత దివిసీమ నుంచి మలయా వెళ్ళి రబ్బరు తోటలో పనికి కుదిరాడు. ఈవిడ అక్కడే పుట్టి, అక్కడి తోట ఆసుపత్రిలోనే ఇరవై ఎనిమిదేళ్ళుగా నర్సు. పెళ్ళి చేసుకోలేదు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతుంది. ఆ రోజే క్వార్టర్సు ఖాళీ చెయ్యాలి. పాస్‌పోర్టు మన దేశానిదే గనక పై అనుమతుల బాధ లేదుగాని, ఆవిడకి ఇది పరాయి దేశం కింద లెక్క. అంతకు ముందెప్పుడూ చూసి ఎరగదు. ఆరు వారాల సెలవు మీద ఓడెక్కి మద్రాసులో దిగి, అక్కణ్ణించి రైల్లో వచ్చింది. "ఇంకో విడత రాలేనండీ, ఇంకో విడత డబ్బూ లేదు. కొంటే ఇప్పుడే, ఒక్కసారే" అని మొదటి రోజే చెప్పేసింది.

వాటాల సంగతి వివరించి చెబితే నవ్వింది. "మా దగ్గర ఇల్లు కొంటే ఇంటివాడికి డబ్బిస్తారు అన్నయ్యగారూ. ఇక్కడ వీధిని కూడా కొనాలా?"

"ఉండబోయేది వీధిలోనే కదమ్మా" అన్నాను.

రెండు వారాలు తిరిగాం. చివరికి ఏలూరు కాలవ పక్క సందులో ఒక పెంకుటిల్లు కుదిరింది. మూడు గదులు, పెరట్లో బావి. ఆ సందులో నడిచే ధరకి మూడోవంతు తక్కువ. యజమాని ఏలూరు వ్యాపారి. బయానా పుచ్చుకోవడానికి వచ్చి, వీధిలోనే నిలబడి తీసుకుని, గడప తొక్కకుండా రైలెక్కాడు. పని తొందర కాబోలనుకున్నాను. పది రోజుల్లో మిగతాది కట్టి రిజిస్ట్రేషను చేయించుకోవాలి, వెనక్కి పోతే బయానా పోతుంది. ఆవిడ తెచ్చుకున్నదాంట్లో నాలుగోవంతు ఆ బయానాయే.

అంతకు ముందే దస్తావేజులు రాసే రామకోటయ్య పంతులుగారి చేత ఈసీ తీయించాను. ఈసీ అంటే పదమూడేళ్ళలో ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఇస్తారు. తాకట్లు ఉన్నాయా పంతులుగారూ అని అడిగాను. లేవన్నాడు. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తర్వాత వాటాలు మాట్లాడటానికి బయల్దేరాను. సందు మొదట్లో టీ బడ్డీ నాగులు. టైమెంతయిందో చెప్పినా ఒక టీ కొనిపించే రకం. "ఈ బేరంలో నాకేం వద్దులే వీరాస్వామీ" అన్నాడు, గ్లాసు కడుగుతూ. పక్కింటావిడ తాళంచెవి నా చేతికివ్వలేదు. గడప మీద పెట్టి లోపలికి పోయింది. వాటా మాట ఎత్తితే తలుపు వెనకనుంచే వద్దంది. పంతులుగారు రాతకూలి మటుకు తీసుకుంటానన్నాడు, పై డబ్బు వద్దన్నాడు. గుమాస్తా సరేసరి. అందరితో మాట్లాడేసరికి నా దారం మీద ఒక్క ముడీ లేదు.

నేను సంతోషించాను. అదీ నా తప్పు. పరదేశి మనిషి అని జాలిపడ్డారు గామోసు, మీ అదృష్టం అమ్మా అన్నాను. ఆవిడ తన నోటుబుక్కులో నలుగురి పేర్లూ రాసుకుని ఎదురుగా సున్నాలు చుట్టింది.

బయానా ఇచ్చిన అయిదో రోజు మిట్టమధ్యాహ్నం ఇల్లు కొలుచుకుంటానంటే తీసుకెళ్ళాను. ఆవిడ లోపలికి వెళ్ళింది. నేను వాకిట్లో నీడకి నిలబడి ద్వారబంధం పైకి చూశాను. సున్నం కింద మేకుల బొక్కలు కనిపించాయి. జంటలు జంటలుగా, ఒకదాని కింద ఒకటి, అయిదు జతలు. పేరు బోర్డుకి రెండు మేకులు కొడతారు. చదవడం రాదుగాని లెక్కపెట్టడం వచ్చు. బోర్డు ఒక్క వర్షాకాలం ఉన్నా మేకు కింద తుప్పు చార దిగుతుంది. ఆ బొక్కల్లో ఒక్కదాని కిందా చార లేదు. అయిదుగురు పేర్లు తగిలించారు, అయిదుగురూ ఒక వర్షాకాలం దాటకుండా పీక్కుపోయారు.

లోపల్నుంచి ఆవిడ పిలిచింది. వెనకగదిలో గోడకేసి తిరిగి నిలబడి ఉంది. గదిలో చాప ముక్క కూడా లేదు. "ఈ ఇంట్లో జబ్బు మనిషి ఎవరన్నా ఉన్నారా అన్నయ్యగారూ?" అంది.

లేరన్నాను. మాట్లాడవద్దని చెయ్యి ఎత్తింది. రవికకి గుచ్చుకున్న గడియారం పైకి తిప్పి చూస్తోంది. ముందు నాకేం వినపడలేదు. తర్వాత వినపడింది. మగ్గంలో నాడె అటూ ఇటూ పోతున్నట్టు, నిదానంగా, ఊపిరి. గోడ అవతల ఏముందని చూస్తే పెరడు, పెరట్లో ఎండ. అంతలో ఆగిపోయింది. అమ్మయ్య అనుకున్నాను. "ఇరవై రెండు సెకన్లు" అని ఆవిడ అనేసరికి మళ్ళీ మొదలైంది.

ఆవిణ్ణి రిక్షా ఎక్కించి తిన్నగా పంతులుగారి దగ్గరికి పోయాను. ఈసీ ఆయన ముందు పరిచి, దీంట్లో అమ్మకాలెన్ని అన్నాను.

"ఏడేళ్ళలో అయిదు. ప్రతిసారీ ధర తగ్గింది."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగదండీ."

"నువ్వు తాకట్లు అడిగావు, చెప్పాను. అమ్మకాలు అడిగావా? నా నోటితో బేరం చెడగొట్టుకోను. అందుకని పై డబ్బు ముట్టలేదు" అన్నాడు.

నాగులు ఇంకొంచెం చెప్పాడు. "ఇంట్లో వాటా తీసుకుంటే ఇంట్లో ఉన్నదాంట్లోనూ తీసుకున్నట్టేనయ్యా. రెండో బేరంలో ఇస్త్రీవాడు తీసుకున్నాడు. వాడు గుణదలలో తన ఇంట్లో పడుకుంటే అక్కడా వినపడిందట. ఇంత సందులో ఇస్త్రీ బండి లేదేమని నీకు అనుమానం రాలేదా?"

రాలేదు. రావలసింది. ఆ ఊపిరి ఎవరిదని అడిగితే మాత్రం నాగులు గ్లాసులు కడుక్కున్నాడు.

సువార్తమ్మకి దాచకుండా అంతా చెప్పాను, నా తప్పుతో సహా. ఆవిడ మర్నాడు పొద్దున పదింటికి ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను అరుగు మీద కూర్చున్నాను. పన్నెండింటికి వచ్చింది.

"నిమిషానికి పదకొండు. మధ్యలో ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. వార్డులో ఇది ఎన్నోసార్లు విన్నానండీ. ఇలా మొదలైనవాళ్ళు తెల్లారేలోపు పోతారు. ఈ మనిషికి ఇంకా తెల్లారలేదు, అంతే."

"భయం లేదా అమ్మా?"

"బయానా పోతే భయం. ఆ తర్వాత తల దాచుకోవడానికి నాకు చోటేది?"

ధర ఇంకా తగ్గించమని ఏలూరు కబురు పెట్టించింది. ఆయన మారుమాట లేకుండా తగ్గించాడు. అది నాకు ఊపిరికన్నా ఎక్కువ జంకు పుట్టించింది. అనుకున్న రోజుకి రిజిస్ట్రేషను అయింది. యజమాని వేలిముద్ర వేసి, చెయ్యి తుడుచుకుని వెళ్ళిపోయాడు. నాకివ్వాల్సిన నూటికి రెండు మాట ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఆఫీసు మెట్ల మీద ఆవిడ తన వైపు కమీషను కవరులో పెట్టి నా ముందు చాపింది. ఆ నెలంతా నేను చేసిన పని అదొక్కటే. ఇంట్లో బియ్యం కూడా ఆ డబ్బుతోనే రావాలి. జేబులో ముడి లేని దారం వేలికి తగిలింది. చెయ్యి బయటికి రాలేదు.

"మీరు కూడానా అన్నయ్యగారూ" అంది. కోపమేమీ లేదు. నోటుబుక్కు తీసి నా పేరు రాసి, ఎదురుగా సున్నా చుట్టింది. మూడో రోజున ఓడెక్కింది.

డెబ్భై ఆరులో రిటైరై వచ్చి ఆ ఇంట్లో దిగింది. ఒకసారి వెళ్ళాను. పేరు బోర్డుకి కొత్త మేకులు కొట్టలేదు, అన్నిటికన్నా కింది బొక్కల్లోనే తగిలించింది. వెనకగదిలో గోడకి దగ్గరగా ఒక కుర్చీ వేసుంది. ఎలా ఉందమ్మా అని అడిగాను. "ఇప్పుడు నిమిషానికి పధ్నాలుగు. కాస్త నయం" అంది. నేను మంచినీళ్ళు కూడా తాగకుండా వచ్చేశాను.

ఆ ఈసీ కాయితం నేనే చదవగలిగి ఉంటే బయానా ఇప్పించేవాణ్ణి కాదు. అక్షరాలు అందుకు నేర్చుకున్నాను. తెలియని చోట ఇల్లు కొనేవాళ్ళకి చెప్పేది ఇంతే. తాకట్లు అడిగినట్టే అమ్మకాలూ అడగండి. కమీషను ఎక్కువ అడిగేవాడితో బేరమాడవచ్చు. అసలు వద్దన్నవాణ్ణి కూర్చోబెట్టి, ఎందుకు వద్దంటున్నాడో తేల్చుకోండి. తర్వాత పదహారేళ్ళు బ్రోకరీ చేశాను. దారానికి మామూలుకన్నా ఒక్క ముడి తగ్గినా అలాంటి ఇల్లు ఎవరికీ చూపించలేదు.