సగం స్టాంపు మీద, సగం కవరు మీద

ఆరంతస్తుల ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ లిఫ్టాయన అనేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళు స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కాడు. "ఎక్కడం, దిగడమే తప్ప ముందుకు పోయింది లేదు" అని తన మీద తానే జోకు వేసుకునేవాడు. ఊళ్ళోవాళ్ళందరినీ పైకెక్కించిన ఆ మనిషి కాపురం మాత్రం లిఫ్టు లేని మూడో అంతస్తులో.

పొలిమేర దాటని ఆయన ఇంట్లో, దేశదేశాల్లో జరిగిన ఆటల పోటీల కవర్లు ఐదు ఆల్బముల నిండా ఉండేవి. ఆటలంటే ఇష్టమా అంటే అదీ కాదు. ఎవరు గెలిచారని అడిగితే తెల్లమొహం వేసేవాడు. "ఎవడు గెలిస్తే మనకేం? ముద్ర గుండ్రంగా పడిందా లేదా, అదీ సంగతి."

పోటీలు జరిగే ఊళ్ళో ఆ నాలుగు రోజుల కోసమే ఒక తపాలా ముద్ర చేయిస్తారు. ఈయన తన చిరునామా తానే రాసిన కవరును మరో కవరులో పెట్టి, అక్కడి కలంస్నేహితుడికి పంపేవాడు. అతను అక్కడి స్టాంపు అంటించి, ముద్ర కొట్టించి తిరిగి పోస్టు చేసేవాడు. పంపినవారి పేరు దగ్గర కూడా ఈయన తన పేరే రాసుకునేవాడు. "దారి తప్పినా ఇంటికే రావాలి" అనేవాడు.

పెళ్ళైన కొత్తలో భార్య ఒక పని చేసింది. మామూలు ఉత్తరాల స్టాంపుల్ని ఆయన బేసిన్లో నానబెట్టి ఊడదీయడం చూసి, సాయం చేద్దామని తొమ్మిది ఆటల కవర్లు నీళ్ళలో వేసింది. సాయంత్రానికి స్టాంపులు తువ్వాలు మీద ముద్దుగా ఆరుతున్నాయి. కవర్లు చెత్తబుట్టలో ఉన్నాయి.

ఆయన వచ్చి చూసి అలాగే కూర్చుండిపోయాడు. "ముద్ర సగం స్టాంపు మీద, సగం కవరు మీద పడుతుందే. విడదీస్తే రెండూ ఎందుకూ కొరగావు" అన్నాడు. రెండు రోజులు ఆల్బముల జోలికి పోలేదు. మూడో రోజు లిఫ్టెక్కిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వించాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆఫీసువాళ్ళు ఎక్కడ కనబడినా "ఇవాళ ఏ దేశాన్ని ఉతికారమ్మా?" అని ఆమెను ఆటపట్టించేవారు.

చలికాలం మొదట్లో గుండెనొప్పి వచ్చి ఆయన మూడు రోజుల్లో వెళ్ళిపోయాడు. ఆయన పేరు మీద ఉత్తరాలు మాత్రం ఆగలేదు. అవి చూసినప్పుడల్లా ఆమె ఏడ్చేది. తోడుగా వచ్చిన ఆడపడుచు చూసి చూసి విసిగిపోయింది. "చనిపోయాడు, ఆ పేరుకొచ్చే ఉత్తరాలు ఇంటికి తేవద్దు అని పోస్టాఫీసుకి రాసిచ్చెయ్ వదినా. ఎన్నిసార్లని ఏడుస్తావు?" అంది. ఎదురు చెప్పే ఓపిక లేక ఆమె సంతకం పెట్టింది.

వారం తర్వాత ఐదో ఆల్బం దుమ్ము దులుపుతుంటే చివరి పేజీ కనబడింది. కవరు లేదు. దాన్ని పట్టి ఉంచే నాలుగు కాగితపు మూలలు మాత్రం అంటించి ఉన్నాయి. పోయేముందు పంపిన కవరు ఇంకా రాలేదు. పోస్టాఫీసు దాకా వచ్చినా ఇప్పుడు ఇంటికి రాదు. రాసిచ్చిన కాగితం వెనక్కిమ్మని ఆమె వెళ్ళి అడిగితే కుదరదన్నారు.

ఆ రోజు నుంచి పదకొండయ్యేసరికి మూడంతస్తులూ దిగి గేటు దగ్గర నిలబడేది. మోకాళ్ళ నొప్పులు. పోస్టుమాన్ పాతవాడే.

"ఆ కవరొస్తే నాకివ్వాలని గుర్తుంచుకుంటారుగా అన్నయ్యా?"

"నాకు గుర్తేనమ్మా. లోపల ఉత్తరాలు విడదీసేవాళ్ళకి ఉండొద్దూ?"

నాలుగు నెలలు ఇదే మాట. ఒకరోజు అతను సైకిలు దిగి తలవంచుకుని కవరు అందించాడు. స్టాంపు మీద ఒక పరుగువీరుడు. సగం స్టాంపు మీదా సగం కవరు మీదా గుండ్రంగా పడిన ముద్ర. చిరునామాకి అడ్డంగా ఎర్రసిరాతో గీత, పైన 'మృతి చెందారు, వాపసు' అనే రాత.

"నా చేతికొచ్చేసరికే గీసేశారమ్మా. వాపసు పంపుదామని వెనక్కి తిప్పితే పంపినాయనా ఆయనే. ఇంకెవరికివ్వను?"

"ఈ పేరు మీదేమీ తేవద్దని నేనే రాసిచ్చానుగా."

"ఆయనకొచ్చేవి తేవద్దన్నారు. ఆయన పంపినవి వాపసొస్తే వద్దనలేదుగా" అన్నాడతను.

ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకెక్కింది.

ఆడపడుచు కవరు చూసి మొహం చిట్లించింది. "ఆ మాట కళ్ళముందు పెట్టుకుంటావా? తడి దూదితో అద్దు వదినా, ఎర్రసిరా ఇట్టే పోతుంది."

ఆమె బేసిన్లో నీళ్ళు పట్టింది. దూది ముంచి పిండింది. కవరు మీదికి తెచ్చి ఆగింది. ఎర్రగీత తోక ముద్ర అంచు దాటి స్టాంపు మీదికీ పాకింది. అద్దితే అన్నీ తడుస్తాయి.

దూది పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, కవరును నాలుగు మూలల్లో దూర్చింది. ఒక మూల జిగురు ఎండి లేచిపోతుంటే కొత్తగా జిగురు రాసి వేలితో అదిమి పట్టుకుంది.

"అలాగే ఉంచేస్తావా?" అంది ఆడపడుచు.

"ఉంచేస్తాను. అదీ ముద్రే."

జిగురు ఆరేదాకా వేలు తీయలేదు. తర్వాత లేచి, బేసిన్లో నీళ్ళు పారబోయడం ఎందుకని వాటితో గది తుడిచింది.