నా బొమ్మ మీద అత్త పెట్టిన ఇంటూలు

పోయిన నెల కంప్యూటర్‌కు తగిలించి బొమ్మలు గీసుకునే పలక ఒకటి కొన్నాను. దుకాణదారు దాని గొప్పలు చెబుతూ, "చెయ్యి వణికినా ఫికర్ లేదు మేడమ్, గీతను ఇదే సరి చేస్తది" అన్నాడు. ఇంటికి తెచ్చి ముందు ఆ సదుపాయాన్నే ఆపేశాను. పొగరు అనుకోకండి. నా గీతలు దిద్దే హక్కు ఇదివరకే ఒకరు తీసేసుకున్నారు, నన్ను అడక్కుండానే. ఆవిడ మా మేనత్త. జన్మలో ఒక్క బొమ్మ గీసి ఎరగదు.

మాతోనే ఉండే అత్త, ముంబై దగ్గర మన తెలుగు నేతవాళ్లుండే పద్మనగర్‌లో ఒక కార్ఖానాలో బట్ట చూసేది. అదే ఆవిడ ఉద్యోగం. మరమగ్గాలను మా వాళ్లు సాంచాలంటారు. సాంచా మీంచి దిగిన తానును కిటికీ ముందు కర్ర మీదుగా లాగుతూ, వెనక నుంచి వెలుతురు పడేలా పట్టి, ఎక్కడ పోగు తెగిందో ఎక్కడ చార పడిందో చూసి, అక్కడల్లా ఎర్ర మైనపు పెన్సిల్‌తో ఇంటూ గుర్తు పెట్టాలి. ఇరవై ఏళ్లు అదే పని చేస్తే మనిషి కన్ను ఇక మామూలుగా ఉండదు కాబోలు. పెళ్లిలో పెళ్లికూతురి పట్టుచీర కొంగు ఎత్తి వెలుతురుకు పట్టి, ఆ పిల్ల తల్లి ముఖం మాడేలా చేసిన సందర్భాలు నాకు తెలిసే రెండున్నాయి. ఆ పెన్సిల్ ఎప్పుడూ ఆవిడ కొప్పులోనే ఉండేది.

నేనప్పుడు చదువు ముగించి, బొమ్మల కథలకు సిరా గీతలు గీసే పని కోసం తంటాలు పడుతున్నాను. ముంబైలో పిల్లల పుస్తకాలు వేసే ఒక సంస్థకు రెండుసార్లు నమూనా పేజీ ఇచ్చాను. రెండుసార్లూ గీత శుభ్రంగా లేదని తిప్పి పంపారు. మూడోదే ఆఖరు అన్నారు వాళ్లు. మా బాపు, అంటే నాన్న, కూడా అదే అన్నాడు. "గిది గూడ కాకపోతె నూలు దుకాణంల కంప్యూటర్ కాడ కూసో బిడ్డా, సేటుతోని మాట్లాడిన." నాకా దుకాణం తలుచుకుంటేనే ఏడుపొచ్చేది. మా గది గోడకవతలే సాంచాలు, నేల పొద్దస్తమానం సన్నగా అదురుతుండేది. నా గీతలు బాగా రాకపోవడానికి ఆ అదురే కారణమని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకునేదాన్ని. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు.

ఆరు రోజులు వంగి కూర్చుని మూడో పేజీ ముగించాను. వానలో తప్పిపోయిన మేకపిల్ల కోసం వెతుకుతున్న ఒక పిల్ల బొమ్మ. సోమవారం ఇచ్చి రావాలి. శనివారం పొద్దున సిరా ఆరాలని కిటికీ దగ్గర పెట్టి, నీళ్లకు కిందికి వెళ్లాను. బిందెతో తిరిగొచ్చేసరికి అత్త ఆ పేజీని తిరగేసి కిటికీకి ఆనించి చూస్తోంది. ముచ్చటపడుతోందనుకుని పొంగిపోయాను కూడా. మరుక్షణం కాగితం ఇటు తిప్పి, కొప్పులోంచి పెన్సిల్ తీసింది. నేను బిందె దించి పరుగెత్తేలోపు పదకొండు ఇంటూలు పడిపోయాయి.

మైనపు రంగు ఏం చేసినా పోదు. "ఏం చేసినవ్ అత్తా! నిన్నెవరు గీయమన్నరు?" అని ఏడ్చాను.

నా ఏడుపు ఆవిడకు అర్థమే కాలేదు. "ఏందే? తప్పున్నకాడ గుర్తు వెట్టకుంటె ఎట్ల? రేపు సేటు చూస్తె మాల్ వాపస్ రాదా?"

నేను సాంచాల అదురు సంగతి ఎత్తాను. "సాంచ వణికిందని పోగు వంకర పోతదా? ఇగో, ఇటు చూడు" అని పేజీని మళ్లీ కిటికీకి ఆనించింది. వెలుతురులో చూస్తే, ఇంటూ పెట్టిన ప్రతిచోటా గీత మీద చిన్న నల్లటి మచ్చ. నేను భయపడి కలం ఎత్తి, మళ్లీ ఆనించిన చోట్లవి. సిరా రెండు పొరలు పడింది. "లైటు వోయి సాంచ నడుమల ఆగితె బట్టల చార పడ్తది గదా. నువ్వు గట్లనే నడుమల ఆగుతున్నవ్. ఆగేదుంటె అంచుకాడ ఆగు బిడ్డా."

అంత విడమరిచి నాకు అంతవరకు ఎవరూ చెప్పలేదు. కోపం మాత్రం తగ్గలేదు. అన్నం కూడా ఆవిడకు వీపు పెట్టి తిన్నాను.

మధ్యాహ్నం ఆ పాడైన పేజీ మీద కొత్త కాగితం పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి, బొమ్మను పెన్సిల్‌తో ఎత్తుకున్నాను. ఇక సిరా గీత మొదలుపెట్టే ముందే అది ఎక్కడ ఆగాలో చూసుకోవడం మొదలుపెట్టాను. మరో గీత అడ్డొచ్చే చోటో, పరికిణీ అంచో, మోచేతి మడతో. కలం ఆనించకుండా గాలిలో రెండుసార్లు చెయ్యి ఆడించి, మణికట్టు బిగబట్టి భుజం కదిలిస్తూ ఒక్క ఊపున లాగేదాన్ని. ఆదివారమంతా అత్త గడపలో కాపలా కూర్చుంది. పెరుగు తోడు కోసం వచ్చిన పక్కింటావిడను చెయ్యి అడ్డం పెట్టి ఆపేసింది. "ఆగు, పిల్ల గీత మీదున్నది." గోడకవతల సాంచాలు ఎప్పటిలాగే అదురుతున్నాయి. నాకు ఆ సంగతే గుర్తు రాలేదు.

ఆ పేజీ ఒప్పుకున్నారు. నూలు దుకాణం తప్పింది. కొన్నాళ్లకు ఆ పేజీతో సహా పుస్తకం వచ్చింది. అత్త చేతిలో పెడితే అలవాటు చొప్పున కిటికీకి పట్టింది. కాగితానికి రెండువైపులా అచ్చు కదా, ఇటు బొమ్మా అటు బొమ్మా కలిసిపోయాయి. "రెండు దిక్కుల ఏసిండ్రు, ఏం కానొస్తది?" అని విసుక్కుని, గత్యంతరం లేక పుస్తకం ఒళ్లో పెట్టుకుని అందరిలా చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"గీ పిల్ల ఎందుకు ఏడుస్తున్నదే?"

ఆ పేజీని అప్పటికి ఎన్నిసార్లు పరిశీలించిందో. అందులోని పిల్లను చూడటం మాత్రం అదే మొదలు. నేను పక్కన కూర్చుని కథంతా చెప్పాను. మేకపిల్ల దొరికిందని చెప్పేదాకా నన్ను లేవనివ్వలేదు.

ఆరు రోజుల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని ఆ శనివారం గుండెలు బాదుకున్నాను. ఇప్పుడు తిరిగి చూసుకుంటే, జాగ్రత్తగా దాచుకున్న రోజులెన్నో ఎటు పోయాయో తెలియదు గానీ, పాడైపోయాయనుకున్న ఆ ఆరు రోజులే ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్నాయి.