టార్పాలిన్ కింద ఆదివారం

కోడి చావడం నాకు కొత్త కాదు. పిల్లి పట్టుకుపోతుంది, కుక్క ఈడ్చుకుపోతుంది, తెగులొస్తే కళ్లు మూతలుపడి చస్తుంది. కానీ కళ్లు తెరుచుకుని నన్నే చూస్తూ, మెడ మాత్రం నేల మీద పరిచేసి పడుకున్న కోళ్లను ఆ పొద్దున్నే మొదటిసారి చూశాను. ఒకదాన్ని ఒళ్లోకి తీసుకుని తల పైకెత్తాను. వదలగానే వాలిపోయింది. ఈకలు చేతికి ఊడి వచ్చాయి.

యాప్రాల్‌లో నేనుండేది ఒక్క గది. దాని వెనక ఓనరు వాడని ఖాళీ జాగాలో నా నాటుకోళ్ల షెడ్డు. మా ఆయన పోయాక, తిరుమలగిరిలో ఉన్న చెల్లెలు తమ ఇంటికి వచ్చేయమంది. మంచి మనసుతోనే అంది. ఒకరి ఇంట్లో ఒకరి పద్ధతిన బతకడం నావల్ల కాదని మొహం మీదే చెప్పాను. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లవాళ్లు నాటుగుడ్లంటే ఎగబడతారు. ఆ గుడ్లతోనే గది అద్దె, నా తిండి గడిచిపోయేవి. షెడ్డు నిలబడినంతకాలం నా తలుపుకు నేనే తాళం వేసుకుంటాను, నేనే తీసుకుంటాను. అంతకుమించి నేనేమీ కోరలేదు.

దాణా ధర మాత్రం మండిపోతోంది. సరిగ్గా అప్పుడే మరిది, అంటే చెల్లెలి భర్త, పురుగుల పెంపకం షురూ చేశాడు. ఒక రకం నల్ల ఈగకు పుట్టే తెల్లటి పురుగులవి. ట్రేలలో పోసి, మోండా మార్కెట్లో మిగిలిన కూరగాయలు, హోటళ్లలో మిగిలిన అన్నం వేస్తే చాలు, బలుస్తాయి. మరిగే నీళ్లలో ముంచి తీసి ఎండబెడితే కోళ్లకు మంచి బలమైన మేత. మొదటిసారి చూసినప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఏందే ఇది, బంగారమసొంటి ఇంట్ల పురుగుల సంత పెట్టిన్రు?" అన్నాను చెల్లెలితో.

"జెర నీ కోళ్లకు ఏసి చూడక్కా. రేపు నువ్వే అడుగుతవ్," అని నవ్వింది.

అన్నంత పనీ అయింది. నా చప్పుడు వింటే చాలు, కోళ్లు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ వచ్చేవి. ఆ మేత నేనే అడిగి తెప్పించుకున్నాను.

మా ఇంట్లో ఆదివారమంటే ప్రభువు దినం. నాన్న బతికున్నప్పుడు ఆ రోజు ఇస్త్రీపెట్టె కూడా ముట్టనిచ్చేవాడు కాదు. ఆదివారపు కూర శనివారమే తరిగి పెట్టుకోవాలి, బట్టలు శనివారమే ఉతుక్కోవాలి. అక్కాచెల్లెళ్లం అలాగే పెరిగాం. మరిదిదీ అదే పద్ధతి. మరి మే నెలలో ఆ పురుగులు శనివారానికి బలిసి కూర్చుంటే వాళ్లేం చేస్తారు? సాయంత్రం దాకా నిలబడి అన్నీ ఉడకబెట్టి, ఆదివారానికి పని లేకుండా చేసుకున్నారు. ఇంతకుముందు కొంచెం కొంచెమే కాబట్టి అప్పటికప్పుడు పలచగా ఆరబోసేవారు. ఈసారి కుప్ప పెద్దది, పొద్దు పోయింది. కాకులూ పిల్లులూ మూతి పెట్టకుండా తడి కుప్పను డాబా మీదే టార్పాలిన్‌లో చుట్టి, తాడుతో బిగించి, చర్చికి బట్టలు తీసిపెట్టుకుని పడుకున్నారు. సోమవారం విప్పి ఎండబెట్టారు. సాయంత్రానికి గలగలలాడుతున్న సంచిని మరిది బండి మీద తెచ్చి ఇచ్చాడు. అప్పుడే కోళ్లకు వేశాను. మర్నాడు కొన్ని మందకొడిగా కూర్చుంటే ఎండదెబ్బ అనుకున్నాను. ఆ తర్వాతి పొద్దున మెడలు వాలిపోయాయి.

పశువుల డాక్టరు వచ్చేసరికి చెల్లెలు కూడా ఆటోలో పరుగున వచ్చింది. ఆయన ఒక కోడి తలను ఎత్తి, వదిలి చూసి, ఏం మేత వేశారని అడిగాడు.

"ఉడకబెట్టినం సార్," అంది చెల్లెలు. "ఒక్క పురుగు సుత బతికి లేదు. శుభ్రంగ చేసినం."

"ఉడకబెడితే పురుగు చస్తది తల్లీ. దాంట్ల ఉండే కొన్ని క్రిముల బీజాలు చావయి. ఉడికినంక ఎప్పుడు ఆరబోసిన్రు?"

"సోమవారం."

"ఉడకబెట్టిందెప్పుడు?"

చెల్లెలు నావైపు చూసింది. శనివారమని నేనే చెప్పాను.

"నడుమ ఆదివారం ఏం చేసిన్రు?"

ఏం చేస్తాం? ప్రార్థన చేశాం. ఆ మధ్యాహ్నం అందరం కలిసి భోంచేసే ముందు, మా వదిన షెడ్డును దీవించు ప్రభువా అని మరిది అడిగాడు. నేను ఆమెన్ అన్నాను.

"తడిగ, వెచ్చగ, గాలాడకుంట బిగించి పెడితే ఆ బీజాలు మొలుస్తయి, విషం పుట్టిస్తయి," అన్నాడు డాక్టరు. "తర్వాత ఎంత ఎండబెట్టినా ఆ విషం పోదు. ల్యాబుకు పంపుదాం గని, ఈ మెడలు చూస్తే నాకు డౌటు లేదు. గుడ్లు ఎవ్వరికీ ఇయ్యకమ్మా. మందు సుత ఏం లేదు, ఉత్తగ పరేషాన్ గాకు."

ఉత్తగ! ఒక్కొక్కదాని ముక్కు విప్పి చుక్కచుక్క నీళ్లు పోశాను. మింగలేదు. ఊపిరి నిదానించి, నిదానించి ఆగిపోయేది. తిట్టడానికి ఒక దొంగో మోసగాడో దొరికితే ఎంత బాగుండేది! నోరారా శాపనార్థాలు పెట్టేదాన్ని. మరిది చొక్కా విప్పి గుంట తవ్వాడు, సున్నం చల్లాడు. తల ఎత్తి నన్ను చూడలేకపోయాడు.

"దేవుని దినం పాటించినందుకేనా అక్కా గిట్లయింది?" అని చెల్లెలు గుంట పక్కనే కూలబడి అడిగింది. దాని రెక్క పట్టి లేపాను. ఆ రోజు నుంచి ప్రార్థనకు మోకాళ్లయితే వంగుతున్నాయి గానీ మాట రావడం లేదు.

కొత్త కోడిపిల్లల్ని తెచ్చి మళ్లీ మొదలుపెడదామనుకున్నాను. అపార్ట్‌మెంట్లలో మాట పాకిపోయింది. గుడ్లు అడిగేవాళ్లు లేరు. ఓనరు కూడా జాగా శుభ్రం చేసి ఇచ్చేయమన్నాడు. ఇచ్చేశాను. మరిది ఇప్పుడు సోమవారం పొద్దున్నే ఉడకబెట్టి, వెంటనే పలచగా ఆరబోస్తున్నాడు. మేత బాగుంటోందట, కొనేవాళ్లు మెచ్చుకుంటున్నారట. అంతే తేడా. ఆ కాస్త తేడాకు నా షెడ్డంతా పోయింది.

తిరుమలగిరిలో నాకు వెనక గది ఇచ్చారు. కొత్త దుప్పటి పరిచారు. "ఇది నీ ఇల్లే అనుకో వదినా," అన్నాడు మరిది, నా పెట్టె దించుతూ. ఆ మధ్యాహ్నం దాహమేసి వంటింట్లోకి వెళ్లాను. చెల్లెలు అంట్లు తోముతోంది. ఫ్రిజ్ తలుపు దాకా వెళ్లిన చెయ్యి ఆగిపోయింది.

"నీళ్లు తీసుకోనా?" అన్నాను.

"గట్ల అడుగుతవేందక్కా?" అని చెల్లెలు అంట్ల ముందే నిలబడి ఏడ్చింది. నేను ఫ్రిజ్ పక్కనే నిలబడ్డాను, చెల్లెలు తీసుకోమని చెప్పే దాకా.